అలాయ్‌లు ఊడదీసే షాపు: నా స్విఫ్ట్ మైలేజీ 13 నుంచి 16కి

ముందే చెప్తున్నా. బండికి షోకులు చేయించుకోవాలనుకునేవాళ్లకు ఈ షాపు పనికిరాదు. వరంగల్ ఆటోనగర్‌లో లోపలి సందులో ఉంటుంది. బోర్డు మీద ఒక టైర్ల కంపెనీ పేరు తప్ప షాపు పేరు ఉండదు. అలైన్‌మెంట్ షాపు అంటే చూపిస్తారు. పేరు, నంబరు రాయొద్దని ఓనరే చెప్పాడు. ఉన్న గిరాకీకే మనుషులు సరిపోతలేరట. అందుకని షాపు పేరు లేకుండానే ఈ రివ్యూ రాస్తున్నా. మోడిఫై చేసిన చిన్న కారు పెట్రోల్ ఎందుకు తాగుతుందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు షాపు పేరు కంటే అక్కడ చేసిన పనే ఎక్కువ ఉపయోగం.

నాది విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం. పరకాల, రేగొండ, భూపాలపల్లి, ములుగు, నర్సంపేట నా ఏరియా. నెలకు దగ్గర దగ్గర రెండు వేల కిలోమీటర్లు తిరుగుడే. 2015 మోడల్ స్విఫ్ట్ పెట్రోల్, వీఎక్స్ఐ, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. ఇంజిన్ బాగుంది, రేటు కూడా బాగుంది. అంతకుముందు నడిపిన కుర్రాడు మాత్రం దాని మీద తన మోజంతా తీర్చుకున్నాడు. 16 అంగుళాల నల్ల అలాయ్‌లు, వాటికి 205/55 టైర్లు (205 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, 55 అంటే ఆ వెడల్పులో టైరు పక్క గోడ ఎత్తు ఎంత శాతమో), పైన క్యారియర్, వెనక స్పాయిలర్, బానెట్ కింద కోన్ ఆకారపు గాలి ఫిల్టరు, గుడగుడలాడే సైలెన్సరు. సంతకాలప్పుడు "మైలేజీ 18 ఇస్తదన్నా" అన్నాడు. ట్యాంకు నింపి లెక్కేస్తే 13 వచ్చింది.

కంపెనీ కాగితం మీద ఈ మోడల్‌కు ఏఆర్ఏఐ (బండ్లను పరీక్షించి మైలేజీ ధ్రువీకరించే సంస్థ) లెక్క 20.4. అది రోలర్ల మీద, ఏసీ లేకుండా, 90 దాటకుండా తీసిన అంకె కాబట్టి దాన్ని నేనెప్పుడూ పట్టించుకోను. ఇదే ఇంజిన్ ఉన్న స్విఫ్ట్ మా ఆఫీసులో ఇంకొకరికి ఉంది. ఇవే రోడ్ల మీద, ఏసీ వేసుకునే ఆయన 16, 17 మధ్య తీస్తాడు. నాకు కావాల్సింది ఆ తేడా ఎక్కడ పోతోందన్నదే.

ఆటోనగర్‌కు పోకముందు హన్మకొండలోనే ఒక పెద్ద షోరూం లాంటి చోట అడిగా. ఏసీ గది, కాఫీ, టీవీ అన్నీ ఉన్నాయి. బండి కిందికి వంగి చూడకుండానే "ఈసీయూ రీమ్యాప్ చేద్దాం సార్, మైలేజీ ట్యూన్, 14 వేలు" అన్నారు. ఈసీయూ అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, రీమ్యాప్ అంటే దానిలోని లెక్కలు మార్చడం. టర్బో ఉన్న డీజిల్ బండికి రీమ్యాప్ చేస్తే ఏదో తేడా తెలుస్తుంది. టర్బో లేని 1.2 లీటర్ పెట్రోల్ ఇంజిన్‌లో మ్యాప్ మార్చి పిండగలిగేది ఎంత? నేనడిగిన ఒక్క ప్రశ్న "ఇప్పుడు మైలేజీ ఎందుకు పడిపోయింది?" అని. దానికి జవాబు రాలేదు. కాఫీ మాత్రం బాగుంది.

ఆటోనగర్ షాపు ఓనరు అన్న దగ్గర కాఫీ ఉండదు, కూర్చోవడానికి కుర్చీ కూడా ఉండదు. వేప చెట్టు కింద పాత లారీ టైరు వేసి ఉంటుంది. నేను పోయినప్పుడు ఒక ఆటో, ఒక బొలెరో ముందున్నాయి. నా వంతు వచ్చేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, అలాయ్‌ల వైపు చూడనే చూడకుండా డ్రైవర్ సీట్లో కూర్చుని, స్టీరింగ్ కింద ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలను ఫోన్‌లో చూపించేది) గుచ్చి, తన ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"నడుపుండ్రి సార్. నేను పక్కన కూసుంట. టెంపరేచర్ ఒక్కటే సూడుండ్రి."

ములుగు రోడ్డెక్కి నడిపా. జంక్షన్‌లో జామ్‌లో నిలబడ్డంతసేపు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు) టెంపరేచర్ 85 దాకా ఎక్కింది. ఊరు దాటి 80లో పోతుంటే అది దిగుతూ దిగుతూ 68 దగ్గర ఆగింది. నేను ఇదేదో మంచిదే అనుకుంటున్నా, ఇంజిన్ చల్లగా ఉంది కదా అని. ఆయన మాత్రం నవ్వి, "ఇగ సాలు, తిప్పుండ్రి" అన్నాడు. షాపుకు వచ్చి గొట్టం విప్పి హౌసింగ్ తీసి చూపిస్తే లోపల ఖాళీ. థర్మోస్టాట్ వాల్వే లేదు.

మన దగ్గర ఇది చాలా బళ్లలో జరిగిందే. ఎండాకాలం ఒకసారి బండి వేడెక్కితే, రేడియేటర్ కడిగించాలా, ఫ్యాన్ తిరుగుతోందా అని చూడకుండా, వాల్వ్ పీకి పారేస్తారు. ఇక జన్మలో వేడెక్కదంటారు. నిజమే, వేడెక్కదు. అసలు గొడవే అది. థర్మోస్టాట్ చేసే పనల్లా ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనీయకుండా ఆపడం. సాధారణంగా 80 దాటాకే తెరుచుకుంటుంది. తర్వాత ఇంజిన్‌ను 85, 95 మధ్య పట్టి ఉంచుతుంది. అది లేకపోతే రోడ్డు మీద గాలి తగిలే కొద్దీ ఇంజిన్ చల్లబడుతూనే ఉంటుంది. ఈసీయూ ఏమో బండి ఇంకా వేడెక్కలేదనుకుని కాస్త ఎక్కువ పెట్రోల్ పోస్తూ ఉంటుంది. చలికాలం పొద్దున చోక్ లాగి స్టార్ట్ చేసి, చోక్ తోయడం మరిచిపోయి ఊరంతా తిరిగిన స్కూటర్ లెక్క. ఆయిల్ కూడా పూర్తిగా పలచబడదు, లోపల రాపిడి ఎక్కువ. దీనికితోడు ఇంజిన్‌కు అరుగుదల.

"పైన ఏం పెట్టిండో అందరికీ కనవడ్తది సార్. లోపల ఏం తీసిండో ఎవడు సూస్తడు?" అన్నాడాయన.

మోడిఫికేషన్ అంటే నేనూ అప్పటిదాకా బిగించినవే లెక్కేసుకున్నా. తీసేసిన వాల్వ్ ఏ ఫొటోలోనూ కనిపించదు, అమ్మేవాడు చెప్పడు, బహుశా ఆ కుర్రాడికి కూడా తెలిసి ఉండదు. ఏ మెకానిక్ ఎప్పుడు తీశాడో! సెకండ్ హ్యాండ్ చిన్న కారు కొనేవాళ్లకు ఈ రివ్యూలో పనికొచ్చే ముక్క ఏదైనా ఉంటే ఇదే. అడాప్టర్ వందల్లోనే దొరుకుతుంది, యాప్‌లు ఉచితం. హైవే మీద టెంపరేచర్ 70 దగ్గరే ఆడుతుంటే గొట్టం విప్పించి చూడండి.

నేను అన్నీ ఒకేసారి చేయించుకుని వెళ్దామనుకున్నా. ఆయన ఒప్పుకోలేదు. "అన్నీ ఒక్కపారి మారిస్తే దేంతోటి వచ్చిందో మీకూ తెల్వదు, నాకూ తెల్వదు. వాల్వ్ ఏస్తున్న. ఒక ట్యాంకు కొట్టుకొని రాండ్రి, తర్వాత టైర్ల సంగతి మాట్లాడుకుందాం." గిరాకీని వెనక్కి పంపే షాపు నేను ఇదే చూడడం. కొత్త వాల్వ్, కొత్త ఓ రింగు, పాత తుప్పు నీళ్లు పారబోసి సరైన కూలెంటు. మొత్తం 1,900. నల్లా నీళ్లు పోసి కూలెంట్ అని బిల్లేసే చోట్లు కూడా మనకు కొత్త కాదు కాబట్టి చెప్తున్నా, డబ్బా సీలు నా ముందే తీశాడు.

లెక్క ఎలా తీయాలో కూడా ఆయనే చెప్పాడు. ఒకే బంకు, వీలైతే ఒకే పంపు. నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగిందంటే అంతే, అక్కడికి ఆపాలి. రౌండ్ ఫిగర్ కోసం ఇంకో 40 రూపాయలది కొట్టించుకోవద్దు. కనీసం సగం ట్యాంకు పైన తిరిగాక మళ్లీ అక్కడే అలాగే నింపి, పోసిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించాలి. స్క్రీన్ మీద చూపించే సగటు ఏ బండిలోనైనా కంప్యూటర్ వేసుకునే అంచనానే, ట్యాంకు లెక్క కాదు. ఈ పద్ధతిలో వాల్వ్ ఒక్కదానితో 13 కాస్తా 14 అయింది. ఏసీ, లోడు, రోడ్లు అన్నీ అవే.

మళ్లీ పోయా. ఈసారి టైర్లు.

నాకు బాగా గుర్తుండిపోయింది ఈ రెండోసారి పోవడమే. డిక్కీలో స్టెప్నీ ఇంకా కంపెనీదే ఉంది, 165/80 ఆర్14, ఇనుప రిమ్ము. పాత ఓనరు దాన్ని ముట్టుకోనే లేదు. ఆయన ముందు ఎడమ అలాయ్ విప్పి, స్టెప్నీ కూడా తీసి, రెండింటినీ దొర్లించుకుంటూ పక్కనున్న పాత ఇనుము కొట్టుకు తీసుకెళ్లాడు. అక్కడ కాంటా ఉంది. మిర్చి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్లో కాంటాల ముందు నిలబడీ నిలబడీ నాకు ఆ ముల్లు మీద ఒక రకమైన గౌరవం. స్టెప్నీ 14 కిలోల 600. అలాయ్ చక్రం 18 కిలోల 900. ఇనుప కొట్టాయన "అలాయ్ అంటే తేలిక గదా?" అని ఆశ్చర్యపోయాడు. నేనూ అలాగే వినేవాణ్ని. అదే సైజులో మంచి అలాయ్ చేస్తే తేలికే కావచ్చు. చవకలో పోత పోసిన 16 అంగుళాల రిమ్ముకు వెడల్పు టైరు తొడిగితే మాత్రం కాంటా ఇలాగే చూపిస్తుంది.

నాలుగు చక్రాలకు కలిపి 17 కిలోలు ఎక్కువ. డిక్కీలో 17 కిలోల విత్తనాల బస్తా వేసుకుంటే బండికి తెలియను కూడా తెలియదు. చక్రంలో ఉన్న బరువు వేరు. దాన్ని ముందుకు తోయడమే కాదు, తిప్పాలి కూడా. అందులోనూ ఆ బరువు ఎక్కువ భాగం అంచున ఉంటుంది. హైవే మీద ఒకే స్పీడులో పోతుంటే పెద్ద నష్టం లేదు. కానీ నేను తిరిగేది పరకాల నుంచి రేగొండ మీదుగా భూపాలపల్లి. ప్రతి ఊరికీ మొదట్లో ఒక స్పీడ్ బ్రేకరు, చివర్లో ఒకటి, మధ్యలో ఎవరింటి ముందు వాళ్లు పోసుకున్నవి ఇంకొన్ని. అవి కాక బొగ్గు టిప్పర్ల వెనక పడి పోవడం, సందు దొరగ్గానే తొక్కి ఓవర్‌టేక్ చేయడం. ఆపిన ప్రతిసారీ బ్రేకుల్లో పోగొట్టుకుని, లేపిన ప్రతిసారీ మళ్లీ పెట్రోల్ పోసి తిప్పాలి. మీరు నిత్యం హైదరాబాద్ హైవే మీద తిరిగేవాళ్లైతే అలాయ్ బరువు మిమ్మల్ని ఇంతగా బాధించదు, అది ఒప్పుకోవాలి.

ఇంకో సంగతి ఎత్తు. 165/80 ఆర్14 టైరు వ్యాసం 620 మిల్లీమీటర్లకు ఒక పిసరు తక్కువ. 205/55 ఆర్16 దాదాపు 632. రెండు శాతం తేడా. అంటే పెద్ద టైరు ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరేమో పాత లెక్కే వేస్తుంది. జనగామ వైపు జాతీయ రహదారి మీద కిలోమీటర్ రాళ్లు చూసుకుంటూ పోయి సరిపోల్చా. రాళ్ల ప్రకారం 50 అయితే నా మీటర్లో 49. కాబట్టి న్యాయంగా చెప్పాలంటే నాకు మొదట్లో వచ్చిన 13 నిజానికి 13.25. అలాయ్‌లు వేశాక మైలేజీ ఘోరంగా పడిపోయిందని తిట్టుకునేవాళ్లు ఈ రెండు శాతం కలుపుకుని తిట్టుకోవాలి. మా కంపెనీలో ఇంకో తిరకాసు ఉంది. పొద్దున, సాయంత్రం మీటర్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే కిలోమీటరుకు ఇంతని అలవెన్సు ఇస్తారు. అంటే పెద్ద టైర్లతో నేను పెట్రోల్ ఎక్కువ పోసుకుంటూ, కిలోమీటర్లు తక్కువ చూపించుకుంటూ తిరిగానన్నమాట. రెండు వైపులా బొక్కే.

పెద్ద చక్రమైతే గేరు పొడుగై మైలేజీ పెరుగుతుందని మా దోస్తు ఒకడు వాదిస్తాడు. రెండు శాతం గేరు తేడాతో హైవే మీద ఇంజిన్ నిమిషానికి ఓ యాభై, అరవై చుట్లు తక్కువ తిరుగుతుందేమో. దానికి బదులు వెడల్పు టైరు రాపిడి, గాలి అడ్డు, పైన చెప్పిన బరువు వస్తాయి. ఊళ్లలో ఐదో గేరులో లాగాల్సిన చోట నాలుగులోకి దిగాల్సి వస్తుంది. వాడి వాదన వాడిది, కాంటా ముల్లు కాంటాది.

అలైన్‌మెంట్ షీటు చూపించినప్పుడు నిజంగానే కడుపు మండింది. ముందు రెండు చక్రాల టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) హద్దు దాటిందని ఎర్ర రంగులో ఉంది. చేత్తో టైరు మీద లోపలి నుంచి బయటికి నిమిరితే నున్నగా, బయటి నుంచి లోపలికి నిమిరితే గరుగ్గా తగిలింది. చక్రాలు తిన్నగా దొర్లకుండా కొద్దికొద్దిగా పక్కకు ఈడ్చుకుంటూ పోతే అరుగుదల ఇలాగే ఉంటుందట. ఆ ఈడ్పుకు ఖర్చయ్యేది కూడా పెట్రోలే. పక్క గోడ ఎత్తు తక్కువ ఉన్న టైరుతో గుంతల్లో పడితే దెబ్బ నేరుగా సస్పెన్షన్‌కే పోతుంది. 205/55లో ఆ ఎత్తు 113 మిల్లీమీటర్లు, కంపెనీ 165/80లో 132. మన రోడ్లకు ఆ రెండు సెంటీమీటర్లు చిన్న విషయం కాదు.

చూడ్డానికి కూడా బాగుండాలంటే స్విఫ్ట్‌లోనే పై రకమైన జెడ్ఎక్స్ఐకి కంపెనీ ఇచ్చే 15 అంగుళాల అలాయ్, 185/65 టైరు పెట్టుకోవచ్చని చెప్పాడు. దాని వ్యాసం దాదాపు పాతదానితో సమానం, మీటర్ కూడా తప్పదు, ఈ మోడల్‌కు కంపెనీ ఆమోదించిన సైజే కాబట్టి రూల్స్ పరంగానూ చిక్కు లేదు. కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. మోటారు వాహనాల చట్టంలో అలా మార్చిన ఒక్కోదానికి 5,000 జరిమానా ఉంది. నేను ఇనుప రిమ్ములకే మొగ్గా. వంగితే సుత్తితో సరిచేస్తారు, ఏ ఊళ్లోనైనా.

మిగతావి త్వరగా చెప్పేస్తా. క్యారియర్ తీసేశాడు. స్పీడు రెండింతలైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది కాబట్టి హైవే మీద దాని ప్రభావం ఉంటుంది, ఊళ్ల రోడ్ల మీద అంతగా ఉండదు. కోన్ ఫిల్టరు తీసి, పాత సామాను కొట్టులో దొరికిన కంపెనీ ఎయిర్ బాక్సు, కొత్త కాగితం ఫిల్టరు వేశాడు. దీంతో మైలేజీ పెరగదని ఆయనే చెప్పాడు, కానీ మన ఎర్రమట్టి దుమ్ము ఇంజిన్‌లోకి పోకుండా ఉంటుందని. సైలెన్సరు సంగతి అడిగితే "గది మీ చెవుల సమస్య, ట్యాంకు సమస్య కాదు" అన్నాడు. మైలేజీ పేరు చెప్పి సైలెన్సరు కూడా అంటగట్టవచ్చు. అంటగట్టలేదు. దాన్ని తర్వాత నేనే వేరేచోట మార్పించుకున్నా, డీలర్ల షాపు ముందు ఆపిన ప్రతిసారీ పిల్లలు బయటికొచ్చి చూస్తుంటే సిగ్గేసి. స్పాయిలర్ అలాగే ఉంది, దాన్ని పీకితే డిక్కీ తలుపుకు రంధ్రాలు మిగులుతాయి.

గాలి గురించి ఒక మాట. డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన స్టిక్కర్లో ఉండే గాలి లెక్క కంపెనీ సైజు టైర్లకు మాత్రమే. సైజు మార్చాక అదే లెక్కతో కొట్టించడమో, గాలి కొట్టే కుర్రాడు ఎంత కొడితే అంత అనుకోవడమో చేస్తారు అందరూ. నైట్రోజన్ అడగలేదు, ఆయనా అమ్మలేదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్.

షాపులో ఉండగానే మా బామ్మర్ది ఫోన్ చేసి, ఆన్‌లైన్‌లో 299 రూపాయలకు ఫ్యూయల్ సేవర్ కొన్నానని, ఓబీడీ సాకెట్లో గుచ్చితే చాలని, "నువ్వు కూడా తెప్పించుకో బావా" అన్నాడు. అన్నకు చెప్తే అలమర కింది నుంచి అలాంటిదే ఒకటి తీసి, స్క్రూడ్రైవర్‌తో పెంకు విప్పి చూపించాడు. లోపల చిన్న పలక, మూడు లైట్లు, ఒక బటన్. సాకెట్లో కరెంటు వచ్చే కాళ్లకే (పిన్నులకే) వైరు అతికించి ఉంది. బండి కంప్యూటర్‌తో మాట్లాడే కాళ్లు ఉత్తవే. లైట్లు మాత్రం చక్కగా మెరుస్తాయి. వాపసు ఇచ్చేయమని బామ్మర్దికి ఫొటో పంపా. వాడు ఇంకా వాడుతూనే ఉన్నాడు, అది వేరే విషయం.

అందరూ ఇప్పుడు మైలేజీ పడితే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ మీదికి తోస్తున్నారు. అందులో నిజం లేకపోలేదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌తో పోలిస్తే మూడో వంతు దాకా తక్కువ. ఐదో వంతు ఇథనాల్ కలిపితే ఆరేడు శాతం తగ్గుతుందని ఎవరైనా లెక్కేయవచ్చు. 2021లో నీతి ఆయోగ్ రోడ్‌మ్యాప్‌లో పాత కార్లకు రాసిన అంచనా కూడా 6 నుంచి 7 శాతమే. నా 2015 బండి ఆ కోవలోనిదే. కానీ ఏడు శాతం అంటే 17 వచ్చే బండి 16 దగ్గరికి రావాలి, 13కి పడకూడదు. మిగతాది బంకులో కాదు, మన బండిలోనే వెతుక్కోవాలి. ఈ మాట కొందరు మెకానిక్‌లకు ఇష్టం ఉండదు, ఈ20 అనేస్తే వాళ్లకు పని తప్పుతుంది.

ఖర్చు. సెకండ్ హ్యాండ్ ఇనుప రిమ్ములు 5,000. కొత్త టైర్లు నాలుగు, ఒక్కోటి 4,600 చొప్పున 18,400. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 900. ఎయిర్ బాక్సు, ఫిల్టరు 1,300. వాల్వ్ పని 1,900. మొత్తం 27,500. అలాయ్‌లను సగం అరిగిన టైర్లతో సహా ఆయనే 16,000కు అమ్మిపెట్టాడు, కమీషన్ తీసుకోలేదు. అంటే నా చేతి నుంచి పోయింది 11,500. ఇప్పుడు ట్యాంకు లెక్క 16 వస్తోంది, ఏసీతో, శాంపిళ్ల బస్తాలతో. 13 దగ్గర రెండు వేల కిలోమీటర్లకు 154 లీటర్లు, 16 దగ్గర 125. నేను లెక్కేసినప్పుడు మన దగ్గర లీటరు 107 పైచిలుకు ఉండేది, ఆ రేటుకు నెలకు మూడు వేల పైన మిగులు. నాలుగు నెలల్లోపే పెట్టింది వచ్చేస్తుంది.

ఇక నచ్చనివి. ఫోన్ ఎత్తడు. సాయంత్రం ఇస్తానన్న బండి మర్నాడు మధ్యాహ్నం ఇచ్చాడు, మధ్యలో కరెంటు పోయి అలైన్‌మెంట్ మిషన్ ఆగిందన్నాడు. నిజమే కావచ్చు, కానీ ఒక్క ఫోన్ చేసి ఉంటే నేను నర్సంపేట పర్యటన వేరేగా పెట్టుకునేవాణ్ని. పనిపిల్లగాడు వీల్ నట్లను గాలి గన్నుతో ఇష్టమొచ్చినట్టు బిగించేశాడు. రోడ్డు మీద పంక్చరైతే చేతి పానాతో ఊడి వచ్చేవి కావు. నేను చెప్తే అన్న వాడి మీద కేకలేసి, మళ్లీ వదులు చేసి చేత్తో బిగించాడు. రిమ్ములతో పాటు ఇచ్చిన వీల్ క్యాపులు మాత్రం నాసిరకం. ఒకటి రేగొండ దాటాక ఎక్కడో ఎగిరిపోయింది. అడిగితే "ఫ్రీగ ఇచ్చిన గదా సార్" అన్నాడు. కాబట్టి ఐదుకు నాలుగు.

బండి లుక్కు తగ్గిందా అంటే తగ్గింది. మా అబ్బాయి వారం పాటు అలిగాడు, ట్యాక్సీ లెక్క ఉందని. స్టీరింగ్ తేలికైంది, గుంతల్లో కుదుపు తగ్గింది. మలుపుల్లో మాత్రం వెడల్పు టైర్ల పట్టు లేదు, ములుగు దాటాక అడవి రోడ్డు మలుపుల్లో ఆ తేడా తెలుస్తుంది. ఏసీ వేసుకుని లోడుతో నెమ్మదిగా పోయే నాకు దాంతో పని లేదు. రాత్రిపూట హైవే మీద వేగంగా పోయేవాళ్లు ఆలోచించుకోండి.

పోదలచుకున్నవాళ్లు పొద్దున పదిలోపు పోండి, మధ్యాహ్నం తర్వాత పోతే ఆ రోజు బండి రాదు. శుక్రవారం మధ్యాహ్నం కాసేపు షాపు మూసి ఉంటుంది. పోయేముందు మీ ట్యాంకు లెక్క రాసుకుని తీసుకెళ్లండి, లేకపోతే ఆయన ముందు ఆ పనే చెప్పి పంపేస్తాడు. ఫోన్‌పే ఉంది. బిల్లు డైరీ కాగితం మీద రాసిస్తాడు, అందుకని కొత్త టైర్లు తీసుకుంటే కంపెనీ బిల్లు అడిగి మరీ తీసుకోండి, వారంటీకి అదే అడుగుతారు.